ఖాళీకి ఖరీదు: ఆటోనగర్‌లో చేయించిన వ్యోమనౌక కవచం నమూనా

మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల కోసం విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న ఫాబ్రికేషన్ షెడ్డులో ఒక నమూనా చేయించాను. కక్ష్యలో తిరిగే వ్యోమనౌకలను ఉల్కాకణాల నుంచీ, పాత ఉపగ్రహాలూ రాకెట్లూ వదిలిన తునకల నుంచీ కాపాడే కవచం ఎలా పనిచేస్తుందో ఇంటర్మీడియట్ విద్యార్థులకు చూపించడానికి ఉద్దేశించినది అది. మూడు నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. షెడ్డు పేరు రాయడం లేదు. ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకదానికి నేనే బాధ్యుణ్ణి; పైగా నగరంలో ప్రాజెక్టు నమూనాలు చేసిచ్చే ఏ దుకాణానికి వెళ్లినా దాదాపు ఇవే సంగతులు ఎదురవుతాయి.

ముందుగా వస్తువు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ప్లైవుడ్ పీఠం మీద ఒక చివర స్ప్రింగుతో పనిచేసే గొట్టం, రెండో చివర చట్రాలు నిలిపే గాడి ఉన్నాయి. చట్రాలు మూడు. మొదటిదానిలో ఒకే ఒక్క మందపాటి అల్యూమినియం పలక ఉంటుంది. రెండోదానిలో ముందు పలచని రేకు, ఆ తరువాత కొంత ఎడం, వెనుక నౌక గోడకు బదులుగా మరో రేకు ఉంటాయి. మూడోదానిలో ఆ రెండు రేకుల నడుమ గుడ్డ పొరలు వేలాడుతూ ఉంటాయి. కావలసిన చట్రాన్ని గాడిలో నిలిపి, గొట్టంలో గోళీ వేసి, స్ప్రింగు లాగి వదిలితే ఏది ఎంత తట్టుకుందో కనిపించాలి. చుట్టూ అక్రిలిక్ మూత ఉంది. పనితనానికి వంక పెట్టలేను. అంచులన్నీ ఆకురాయితో నునుపు చేశారు, చెయ్యి కోసుకునే పదును ఎక్కడా లేదు, చట్రాలు గాడిలో కదలకుండా కూర్చుంటాయి. షెడ్డు యజమాని పాతికేళ్లు ఓడల మరమ్మతు పనుల్లో రేకు కోసిన మనిషి. ఆ చేతి నేర్పు ప్రతి మూలలోనూ తెలుస్తుంది.

చేతి నేర్పుతో పాటు ఆ వృత్తి నేర్పిన ఒక నమ్మకం కూడా ఈ నమూనాలోకి వచ్చింది, ఇబ్బంది అక్కడే మొదలయింది. ఓడకైనా జలాంతర్గామికైనా బలమంటే మందమే. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లివచ్చిన మా పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. నేను గీసి తీసుకువెళ్లిన బొమ్మను యజమాని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “మాస్టారూ, రెండు పల్చటి రేకులెందుకండీ, ఒక్కటే సిక్స్ ఎమ్మెమ్ ప్లేటు బిగించేస్తే సరిపోద్ది కదేటి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నమూనా కొనే ప్రతి ఉపాధ్యాయుడూ ముందుగా దీనికే జవాబు సిద్ధం చేసుకోవాలి కాబట్టి, ఆ రోజు షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఆయనకు చెప్పినదాన్ని ఇక్కడ మళ్లీ చెబుతాను.

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వేగం సెకనుకు 7.7 కిలోమీటర్లు. అదే ఎత్తులో వేరొక దిశ నుంచి అడ్డంగా వచ్చే తునక దానిని ఢీకొనే వేగం సగటున సెకనుకు 10 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సూర్యుని చుట్టూ తిరుగుతూ వచ్చే ఉల్కాకణాల సగటు వేగం సెకనుకు 20 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అత్యధికంగా 72 వరకు పోవచ్చు. తుపాకీ గుండు సెకనుకు ఒక్క కిలోమీటరు అందుకోవడమే గొప్ప. సెంటీమీటరు అడ్డుకొలత గల అల్యూమినియం గోళీ బరువు 1.4 గ్రాములు మాత్రమే, కాని సెకనుకు 10 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి 70 వేల జౌళ్లు. టన్ను బరువున్న కారు బీచ్ రోడ్డులో గంటకు 43 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దితే ఎంత శక్తి విడుదలవుతుందో అంత, కాకపోతే ఇక్కడ అదంతా శనగగింజంత చోట దిగుతుంది. దీనిని ఒంటి పలకతో ఆపాలంటే ఆ పలకను ఎంత మందం చేయాలంటే, అది మోసుకుపోవడానికే రాకెట్టు చాలదు. చిల్లు పడకపోయినా దెబ్బకు పలక లోపలి ముఖం నుంచి పెళ్లలు ఊడి, ఆ పెళ్లలే లోపలి మనుషుల మీదికీ పరికరాల మీదికీ ఎగురుతాయి.

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ 1940ల దశకంలోనే, అంటే మానవుడు ఒక్క ఉపగ్రహాన్నైనా ఎగరేయకముందే, దీనికి ఉపాయం చెప్పాడు. అసలు గోడకు కొంత దూరంలో, బయటి వైపు, ఒక పలచని రేకు నిలపాలి. అంత వేగంతో వచ్చిన కణం ఆ రేకును తాకగానే కణంలోనూ రేకులోనూ అభిఘాత తరంగాలు (షాక్ వేవ్‌లు) పుట్టి, రెండూ చిట్లి, కరిగి, వేగం మరీ ఎక్కువైతే ఆవిరై, ఒక మేఘంలా విచ్చుకుంటూ ముందుకు సాగుతాయి. ఆ మేఘం వెనుక గోడను చేరేసరికి, ఒకే చోట దిగవలసిన గునపపు పోటు చేటంత మేర పడే ఇసుక దెబ్బగా మారిపోతుంది. ముందు రేకు కణాన్ని ఆపదు, పగలగొడుతుంది. పగిలినదాన్ని చెదరగొట్టేది మాత్రం రెండు రేకుల నడుమ ఉన్న ఖాళీ.

అంతరిక్ష కేంద్రంలోని అమెరికా ప్రయోగశాల గది చుట్టూ ఉన్న కవచంలో ముందు రేకు మందం సుమారు 2 మిల్లీమీటర్లు, లోపలి గోడ సుమారు 4.8 మిల్లీమీటర్లు, రెండింటి నడుమ ఎడం సుమారు 11 సెంటీమీటర్లు. ఆ ఎడంలో నెక్స్‌టెల్ అనే పింగాణీ నారబట్ట పొరలు, వాటి వెనుక కెవ్లార్ అనే గట్టి నారబట్ట పొరలు కూరుస్తారు. మొదటివి కణాన్ని మరింత నుగ్గు చేస్తాయి, రెండోవి ఆ నుగ్గును అడ్డుకుని నెమ్మదింపజేస్తాయి. ఇంత చేసినా ఆ కవచం ఆపగలిగేది సుమారు సెంటీమీటరు, ఇంకొంచెం పైన ఉన్న కణాలనే. మా మూడో చట్రంలో కెవ్లార్ కోసం నేను పట్టుబట్టలేదు. ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలకు వాడే గాజునార గుడ్డను యజమాని తానే వెతికి తెచ్చి ఆరు పొరలుగా కుట్టించి ఇచ్చాడు. పింగాణీ నారకు మన ఊళ్లో దొరికే దగ్గరి చుట్టం అదే. ఆ ఒక్క ఆలోచనకు ఆయనకు పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక గోళీల సంగతి. నమూనాతో పాటు డబ్బాలో పోసి ఇచ్చినవి సైకిలు బేరింగు గోళీలు. మొదటి ప్రదర్శన నాడు రెండు సెక్షన్ల పిల్లలను నిలబెట్టి, ఒంటి పలక చట్రం పెట్టి స్ప్రింగు వదిలాను. గోళీ ఠంగుమని తగిలి వెనక్కి వచ్చింది. తరువాత రెండు రేకుల చట్రం పెట్టాను. గోళీ ముందు రేకును గుండ్రంగా కోసుకుని, ఏమీ పట్టనట్టు పోయి వెనుక రేకులో గుంట పెట్టింది. వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి, “సార్, మొదటిదే బాగుంది కదా సార్” అంది. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను కాని, అరగంట చెప్పిన పాఠాన్ని ఆ గోళీ ఒక్క దెబ్బతో కొట్టేసింది.

తప్పు గోళీది కాదు, దాని వేగానిది. ఫోనులో స్లోమోషన్ వీడియో తీసి లెక్కగడితే మా స్ప్రింగు గొట్టం ఇచ్చే వేగం సెకనుకు 20 మీటర్లు. విపుల్ కవచంలో పుస్తకాలు తరచూ దాటవేసే విడ్డూరం ఏమిటంటే, అది నెమ్మదిగా వచ్చేవాటి ముందు బలహీనం. అల్యూమినియం కణం అల్యూమినియం రేకును తాకినప్పుడు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల లోపు వేగంలో చిట్లదు, ఉన్నదున్నట్టు రేకును చీల్చుకుని వెళ్లి గోడను పొడుస్తుంది. 3 నుంచి 7 కిలోమీటర్ల మధ్య వేగం పెరిగేకొద్దీ అది మరింతగా చిట్లి కరుగుతుంది కాబట్టి, ఆ మేరకు కవచం ఆపగల కణం పరిమాణం కూడా పెరుగుతూ పోతుంది. 7 దాటాక మళ్లీ తగ్గుముఖం పడుతుంది. శత్రువు వేగాన్నే శత్రువు మీద ప్రయోగించే ఈ ఏర్పాటును 20 మీటర్ల వేగంతో ఉక్కు గోళీ వేసి చూపించాలనుకోవడం నా తెలివితక్కువతనం. బొమ్మలో పలకల కొలతలన్నీ రాసిన నేను గోళీ ఏదో రాయలేదు, షెడ్డువారు తమకు తోచినది ఇచ్చారు. నిజమైన పరీక్షలు చేసే ప్రయోగశాలల్లో, ఉదాహరణకు న్యూమెక్సికోలోని నాసా వైట్ శాండ్స్ కేంద్రంలో, రెండంచెల వాయు తుపాకులు వాడతారు. మందుగుండు ఒక ముషలకాన్ని (పిస్టన్‌ను) తోస్తుంది, అది హైడ్రోజన్‌ను అణచి పెడుతుంది, అణిగిన హైడ్రోజన్ ఒక్కసారిగా విడుదలై గోళీని సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా వేగంతో తోస్తుంది. ఆటోనగర్ స్ప్రింగు నుంచి అది ఆశించకూడదు.

దారి చూపించినది యజమాని కాదు, షెడ్డులో రేకుల మీద గీతలు గీసే కుర్రాడు. ఫిర్యాదు పట్టుకుని నేను వెళ్లినప్పుడు, “సుద్దతో గోళీ చేస్తే తగలగానే పగిలిపోద్ది కదండీ” అన్నాడు. ఆ మాట పట్టుకుని ముగ్గుపిండిలో ఎర్ర రంగు కలిపి, పలచటి గంజితో తడిపి, ఉసిరికాయ కన్నా కాస్త చిన్న ఉండలుగా చేసి రెండు రోజులు ఎండబెట్టాము. ముందు రేకు స్థానంలో గట్టి ఉక్కు జాలీ, వెనుక గోడ స్థానంలో చట్రానికి బిగించి లాగిన వంటింటి ఫాయిలు పెట్టాము. ఒంటి చట్రానికి కూడా అదే ఫాయిలు పెట్టాము, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. జాలీ లేకుండా వదిలిన ఉండ ఫాయిలును చీల్చుకుని అవతల పడింది. జాలీకి తగిలిన ఉండ అక్కడే తునాతునకలై ఎర్రటి పొగలా విచ్చుకుని ఫాయిలు మీద రాలింది. పాఠం దారిన పడింది. అయితే మా ఉండ పగలడానికి కారణం దాని బలహీనత, అంతరిక్షంలో కణం పగలడానికి కారణం దాని వేగం. ఈ తేడాను పిల్లలకు నోటితో చెప్పి తీరాలి, నమూనా తనంతట తాను చెప్పదు.

పాఠం దారిన పడిందన్నాను కాని, మొదట్లో సగమే పడింది. జాలీ ఉన్నా ఫాయిలు నడిమధ్య రెండు మూడు చిన్న చీలికలు పడుతూ ఉండేవి, ఎర్ర మరక రూపాయి బిళ్ళను మించేది కాదు. స్కేలు పెట్టి కొలిస్తే రెండు రేకుల నడుమ ఎడం 4 సెంటీమీటర్లే ఉంది. నా బొమ్మలో 11 అని స్పష్టంగా రాసి ఉంది. అడిగితే యజమాని ఏ దాపరికం లేకుండా చెప్పాడు: మూడు చట్రాలూ భద్రపరిచే పెట్టెలో పట్టడం కోసం తగ్గించాడు. “ప్లేట్లు మీరు చెప్పినవే వేశాను మాస్టారూ, తగ్గించింది ఖాళీయే కదా, ఏటవుద్ది?” ఈ నమూనా మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే. పలకలో అర మిల్లీమీటరు తగ్గించడానికి ఒప్పుకోని మనిషి, గాలిలో ఏడు సెంటీమీటర్లు అడగకుండానే కోసేశాడు. తూకానికి రానిదానికి లెక్క లేదన్నది ఆయన వృత్తిలో సహజం. ఈ వస్తువులో మాత్రం తూకానికి రానిదే పనిచేసే భాగం. 1986 మార్చిలో హాలీ తోకచుక్క పక్కనుంచి సెకనుకు 68 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో దూసుకుపోయిన ఐరోపా వ్యోమనౌక జొట్టోకు ముందు వైపు ఉన్నది మిల్లీమీటరు అల్యూమినియం రేకే. దాని వెనుక జానెడు ఖాళీ, ఆ వెనుక 12 మిల్లీమీటర్ల కెవ్లార్ పలక. దారిలో ఒక పెద్ద కణం తగిలి నౌక ఊగిసలాడినా బతికి బయటపడింది. ఆ జానెడును నాలుగు వేళ్లకు కుదించి ఉంటే కథ వేరుగా ఉండేది.

విషయం తెలిశాక యజమాని వాదించలేదు. రేకుల నడుమ ఎడం నిలిపే బుష్‌లు పొడవైనవి లేతు మీద కొత్తగా తిప్పించి, కూలి తీసుకోకుండా బిగించి ఇచ్చాడు. బోల్టుల ఖర్చు మాత్రం నేను పెట్టుకున్నాను. ఇప్పుడు ఎడం 11 సెంటీమీటర్లు. అదే ఉండ, అదే జాలీ, అదే స్ప్రింగు. మరక సాసరంత మేర పలచగా పరుచుకుంటుంది, మధ్యలో చిక్కగా, అంచులకు పోయేకొద్దీ చుక్కలు చుక్కలుగా. ఫాయిలు మీద వేలితో రాస్తే సన్నటి గరుకు తగులుతుంది కాని చిల్లు కనిపించదు. ఎడం మార్చి మార్చి చూసుకునేలా 4, 7, 11 సెంటీమీటర్ల బుష్‌లు మూడు జతలు ఉంచమని నేనే కోరాను. ఇప్పుడు పిల్లలు గ్రాఫు గీసేది దీని మీదనే, కాబట్టి ఆ పొరపాటు చివరికి ఒక ప్రయోగంగా పనికివచ్చింది.

ముందు జాలీ బిగింపు ఇంకా కాస్త వదులే. పది పన్నెండు దెబ్బలకు ఒకసారి నట్లు బిగించుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, 1973 మే 14న అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ప్రయోగమప్పుడు ఉల్కాకణాల నుంచి కాపాడవలసిన కవచమే గాలి ఒత్తిడికి ఊడిపోయి, పోతూ పోతూ ఒక సౌరఫలకాన్ని పోగొట్టి, రెండోదాన్ని తెరుచుకోకుండా చేసింది. స్ప్రింగు వాషర్లు వేస్తే మా వదులు పోతుంది.

వెనుక నిలిపే వివరణ బోర్డు వినైల్ మీద అచ్చు వేయించి ఇచ్చారు. పాఠం నేను రాసిచ్చినదే: 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ గాజులో గుంట పెట్టిన రంగు పెచ్చు, 2016లో అంతరిక్ష కేంద్రంలో కుపోలా అనే గాజు గుమ్మటం కిటికీలో కనిపించిన 7 మిల్లీమీటర్ల చిట్లు, 2021లో ఆ కేంద్రం రోబో చెయ్యి కెనడార్మ్2 మీద బయటపడిన చిల్లు, 2022 మేలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దాల్లో ఒకదానికి తగిలిన ఉల్కాకణం. అక్షరాలు పెద్దవిగా, చివరి బెంచీకి కనిపించేలా ఉన్నాయి. కాని “సుమారు 1 సెంటీమీటరు వరకు ఆపగలదు” అన్నచోట అచ్చులో 1 పక్కన సున్నా చేరింది. ఆ ఒక్క సున్నా అసలు ప్రమాదాన్ని మాయం చేసింది. 10 సెంటీమీటర్లు, అంతకు పైబడిన తునకలను నేల మీది రాడార్లు గుర్తించి జాబితా రాసుకుంటాయి. అవి దగ్గరికి వచ్చేలా ఉంటే అంతరిక్ష కేంద్రాన్నే పక్కకు జరుపుతారు, ఇప్పటికి 30కి మించి సార్లు అలా జరిపారు. మన చంద్రయాన్-3 ప్రయోగాన్ని కూడా ఇలాంటి ఢీ తప్పించడానికే 4 సెకన్లు ఆలస్యం చేశారు. ఆ నెలలోనే పీఎస్ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం ఆపారు. సెంటీమీటరు లోపువాటిని కవచం చూసుకుంటుంది. నడుమ ఉన్నవి, ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా ప్రకారం 10 లక్షలకు మించినవి, కవచానికి లొంగేవి కావు, రాడారుకు సరిగ్గా చిక్కేవీ కావు. మా బోర్డు ఆ 10 లక్షలనూ కవచం ఖాతాలో వేసేసింది. చెప్పిన మూడో రోజుకే కొత్త వినైల్ అచ్చు వేయించి, డబ్బు అడగకుండా అంటించి వెళ్లారు.

క్షమించలేనిది తుప్పు. మా కళాశాల ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉంది. అల్యూమినియం చట్రాలకు మామూలు ఇనుప బోల్టులు వాడారు. నలభై రోజులు తిరగకముందే బోల్టు తలలు ఎర్రబారాయి, వాటి చుట్టూ అల్యూమినియం మీద తెల్లటి పొడి పొంగింది. ఉప్పు తేమలో ఈ రెండు లోహాలూ తగిలి ఉంటే ఏమవుతుందో ఓడల పని చేసినవారికి నేను చెప్పాలా? అన్నీ విప్పించి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, నైలాన్ వాషర్లు వేయించుకునేసరికి మరో ఎనిమిది వందలు అయ్యాయి. మీరు చేయించుకుంటే ఈ మాట ముందే కాగితం మీద రాయించండి.

ధర జీఎస్టీ కాకుండా 16,500 రూపాయలు, సగం అడ్వాన్సు. పనికి అది ఎక్కువ కాదు. రెండు వారాల్లో ఇస్తామన్నది ఐదు వారాలు పట్టింది. మధ్యలో దసరా, ఆ వెంటనే విజయనగరం సిరిమానోత్సవం వచ్చాయి, పనివారిలో సగం మంది అటువైపు ఊళ్లవారే. ట్రాలీ ఆటోలో కట్టుదిట్టం లేకుండా పంపడం వల్ల ఎన్ఏడీ కూడలి దాటేలోపే అక్రిలిక్ మూత మూలన చిట్లింది. దానిని మార్చి ఇవ్వలేదు, టేపు వేసి వాడుతున్నాము.

ఇంత చెప్పిన తరువాత కూడా అదే షెడ్డుకు రెండో నమూనా ఆర్డరు ఇచ్చాను, విజయనగరంలో పాఠాలు చెప్పే మిత్రుడి కోసం. తప్పు చూపిస్తే దాచకుండా సరిదిద్దే చేతులు దొరకడం కష్టం. నిన్న సాయంత్రం కొటేషన్ వచ్చింది. మొదటి వరుసలోనే “రెండు రేకుల మధ్య ఎడం 11 సెం.మీ., తగ్గించరాదు” అని రాసి కింద గీత గీశాడు. మిగిలిన వరుసలన్నిటికీ రేటు వేశాడు. ఆ వరుసకు ఎదురుగా ధర గడిలో మాత్రం అడ్డగీత పెట్టి వదిలేశాడు.